రెండు జన్మలెత్తిన ఇంటిబండి

జపానుదేశమున బండ్లు మన దేశమునందువలెనే మార్గమునకు ఎడమప్రక్కన నడచును. తోలువాడు కుడిప్రక్కన కూర్చుండును. ఈ యొక్క సామ్యము కారణముగా, అక్కడ పదేండ్లో పదునైదేండ్లో తిరిగి యజమానికి భారమైన వాహనములు ఓడలనెక్కి, అదే మర్యాద పాటించు ఇంగ్లండునకును, న్యూజీలాండునకును, ఆస్ట్రేలియాకును తరలిపోవుచున్నవి. ఇంగ్లండు చేరినవానిలో కొన్నింటికి అక్కడి పనివారు పడకయు, పొయ్యియు, నీళ్లతొట్టియు అమర్చి, క్యాంపరు వ్యానులని పేరిడి విక్రయింతురు. మాజ్డా కంపెనీ 1995లో విడుదలచేసి 2005 వరకు నిర్మించిన బోంగో ఫ్రెండీ ఈ జాతిలో మిక్కిలి ప్రసిద్ధము. ఫోర్డు ఫ్రెడా అను పేరుతో కనబడునదియు నిదియే. ఈ జాతి బండ్లలో అనేకములకు మీట నొక్కినంతనే కప్పు పైకి లేచి ఇద్దరు పరుండుటకు చోటిచ్చును. క్రింది ఆసనములను వాల్చినచో మరి యిద్దరికి పాన్పగును. స్కాట్లండు సరస్సులను పిల్లలకు చూపవలెననియు, దారిలో వేడివేడి అన్నము వండుకొని తినవలెననియు ఉత్సాహపడు బ్రిటనులోని మన తెలుగు కుటుంబములకు ఇట్టి ఇంటిబండిపై మనసు పోవుట సహజము. మాకును పోయినది.

మేము కొన్న బండి అద్దమువలె మెరయుచుండెను. తెరలు క్రొత్తవి, పరుపు క్రొత్తది, చిన్న బీరువా తలుపులకు ఇంకను కొయ్యవాసన వీడలేదు. ఉత్తరమునకు పోవు ఎం6 రహదారి షాప్ గ్రామము చెంత కొండనెక్కుచోట, నలుగురు మనుష్యులతోను వారి సామానుతోను నిండియున్న ఆ బండి ఆవిరులు క్రక్కి నిలిచిపోయినది. ఇంజనును చల్లబరచు నీరు పోవు గొట్టమొకటి బండి నేలక్రింద త్రుప్పుపట్టి చిల్లిపడి, నీరంతయు ఎన్ని మైళ్ల వెనుకనుండియో కారిపోవుచున్న సంగతి మా కన్నులయెదుటనున్న ఉష్ణమాపకపు ముల్లు తుదివరకు తెలుపలేదు. సిలిండరు హెడ్డు పగిలినది. బాగుచేయించుటకు బండి వెలలో మూడవవంతు వ్యయమైనది. నాటినుండి ఎవరు సలహా యడిగినను నేను చెప్పు మొదటిమాట యొక్కటే: పరుపును తరువాత చూడవచ్చును, ముందు నేలపై పరుండి బండి క్రింద చూడుడు.

పక్షిని ద్విజమందురు, పంటిని ద్విజమందురు. ఈ బండియు ద్విజమే. దాని మొదటి జన్మ జపానులో, రెండవది ఇంగ్లండులోని కొయ్యపనివాని చావడిలో. అమ్మువాడు మనకు రెండవ జన్మను మాత్రమే చూపును. మనము వెదకవలసినది మొదటిదానిని.

బోంగోలో ఇంజను ముందరి ఆసనముల క్రింద ఇమిడియుండును, రేడియేటరు బండి మూతివద్ద నుండును, వెనుక కూర్చున్నవారికి వెచ్చదనమిచ్చు హీటరు మరొక కొసనుండును. కావున చల్లబరచు నీరు బండి పొడవునను లోహపు గొట్టములలో ప్రయాణము చేయవలెను. ఆ గొట్టములు బయటి తడికిని బురదకును గురియై లోలోపల క్షీణించును. అంతేగాక ఆ దీర్ఘమార్గమున గాలి బుడగలు చిక్కుకొనును గావున, నీరు మార్చినప్పుడు గాలినంతయు ఓర్పుతో వెడలగొట్టకున్నచో ఇంజనులో ఒక భాగము ఎండిపోయి ఉడుకును. ముల్లు మధ్యస్థానమున నిశ్చలముగా నిలిచియున్నంత మాత్రమున క్షేమమని నమ్మరాదు. అది కదలునప్పటికి అపకారము జరిగియుండును. ఈ కారణమున వివేకులైన యజమానులు నీటిమట్టము తగ్గినంతనే కూతవేయు చిన్న యంత్రమును ప్రత్యేకముగా అమర్చుకొందురు. అది బండిలో నున్నదా యని అడుగుడు. ఉన్నచో ఆ యజమాని బండిని ప్రేమించినాడని ఊహింపవచ్చును.

చూడబోవునప్పుడు ఇంజను చల్లగా నుండవలెనని ముందే చెప్పి పొండు. మీరు చేరుసరికి అది వెచ్చగా నున్నచో, చల్లని ఇంజను పలుకుటకు మొరాయించునేమో యని శంకింపవలసినదే. ఆసనమునెత్తి చూచి, నూనెమూత అడుగున మీగడవంటి తెల్లని పదార్థమున్నదో లేదో పరీక్షింపుడు. ఉన్నచో నూనెలో నీరు కలియుచున్నదేమో తెలిసికొనకుండ ముందడుగు వేయరాదు. ఇంజను తిరుగుచుండగా నీళ్లడబ్బాలో ఎడతెగక బుడగలు లేచినను, వేడెక్కిన పిమ్మటకూడ తెల్లని పొగ వీడకున్నను, సిలిండరు హెడ్డు సంగతి మెకానికుచేత తేల్చుకొనవలెను.

త్రుప్పును గూర్చి ఒక భ్రమ కలదు. జపాను బండ్లు త్రుప్పెరుగవని పలువురు చెప్పుదురు. మంచు తక్కువగానుండు ప్రాంతములలో తిరిగిన బండ్ల విషయమున ఇది చాలవరకు నిజమే, ఏలయన అక్కడ ఇంగ్లండునందువలె శీతకాలమున రోడ్లపై ఉప్పు చల్లరు. కాని హొక్కైడో వంటి హిమప్రాంతమునుండి వచ్చిన బండికి ఈ రక్షణ లేదు. నాలుగు చక్రములకును శక్తి పోవు బండియైనచో అది మంచుదేశపు బిడ్డ యగునేమో యని మరింత శ్రద్ధతో చూడవలెను. ఇంగ్లండు చేరిన తరువాత కొందరు అడుగుభాగమునకు నల్లని లేపనము పూయింతురు. శుభ్రమైన లోహముపై పూసిన లేపనము కవచము, త్రుప్పుపై పూసినది కేవలము ముసుగు. పూయుటకు ముందు తీసిన ఛాయాచిత్రములను అడుగుడు. వెనుక చక్రముల కమానులను, తలుపుల క్రింది దూలములను స్క్రూడ్రైవరు పిడితో మెల్లగా తట్టుడు. గట్టి లోహము ఖణిల్లున పలుకును. పుచ్చిన లోహము మూగది.

మొదటి జన్మకు సాక్ష్యము కాగితములలో నున్నది. జపానులో సొంత కార్లకు మొదటి మూడేండ్లకును, తదుపరి రెండేండ్లకొకసారియు షాకెన్ అను కఠినమైన ప్రభుత్వపరీక్ష తప్పదు. దాని వ్యయమును తప్పించుకొనుటకే పలువురు బండ్లను విక్రయింతురు. బండి వేలములోనికి వచ్చినప్పుడు పరీక్షకులు ఒక పత్రముపై దాని బొమ్మగీసి అక్షరములతో దోషములు గుర్తింతురు: ఏ అనగా గీత, యూ అనగా సొట్ట, డబ్ల్యూ అనగా సవరించిన చోటు, ఎస్ అనగా త్రుప్పు, మొత్తముమీద ఆర్ అను శ్రేణి యిచ్చినచో ప్రమాదమునకు గురియై బాగుచేయబడినదని అర్థము. ఈ వేలపత్రమును, జపాను ఎగుమతి పత్రమును చూపుమని అడుగుట కొనువాని హక్కు. చూపలేనివాడు మోసగాడని కాదు. బండి చేతులు మారునప్పుడు కాగితములు పోవుట కలదు. కాని అట్టి బండికి పూర్తి వెల యిచ్చుట నాకు సమ్మతము కాదు.

తిరిగిన దూరమును గూర్చిన గందరగోళము వేరు. జపానులో కిలోమీటర్లు, ఇంగ్లండులో మైళ్లు. లక్ష కిలోమీటర్లనగా దాదాపు 62,000 మైళ్లు. మార్పుయంత్రమును నడుమ అమర్చినచో, కొంతకాలము కిలోమీటర్లును తరువాత మైళ్లును ఒకే అంకెలో కలసిపోవును. బండి ఇంగ్లండులో నమోదైన తరువాతి ప్రతియేటి ఎమ్‌ఓటీ పరీక్షలో చూపిన దూరమును, దొరకిన లోపములను ప్రభుత్వము ఉచితముగా చూపును. నంబరు తెలిసిన చాలును. ఆ అంకెలను వరుసగా వ్రాసికొని, వేలపత్రములోని అంకెతో పోల్చుడు. టైమింగు బెల్టు ఉన్న ఇంజనైనచో అది లక్ష కిలోమీటర్ల సమీపమున మార్చబడినదో లేదో రశీదు చూపుమనుడు, మాటతో తృప్తిపడకుడు.

ఇక రెండవ జన్మ. ఇల్లు కట్టినవాడు వడ్రంగమున నేర్పరియైనను గ్యాసున నేర్పరి కాకపోవచ్చును. ఎల్‌పీజీ గాలికన్న బరువైనది. కారినచో నేలకు దిగి నిలుచును. కావున సిలిండరుండు అర నివాసభాగమునుండి మూసివేయబడి, అడుగున బయటికి రంధ్రము కలిగియుండవలెను. రబ్బరు గొట్టముపై ముద్రించిన సంవత్సరము చదువుడు. విషవాయువును పసిగట్టు అలారము లేకున్నచో ఆ దినమే కొనుడు. దీపములకు వాడు 12 వోల్టుల సీసపు బ్యాటరీ, ఏ భారమును లేక కొన్ని గంటలు నిలిచిన పిమ్మట 12.7 వోల్టులు చూపినచో నిండినది, 12.2 చూపినచో సగము ఖాళీ యైనది. వీనినన్నిటిని మించి, పిల్లలు కూర్చుండు వెనుక బల్ల పలకకు కాక బండి నేలకు దృఢముగా బిగింపబడినదా, బెల్టు దేనికి కట్టబడినది అను ప్రశ్నలు అడుగుటకు మొగమాటపడరాదు.

లండనువారికి ప్రత్యేకముగా ఒక మాట. 2023 ఆగస్టు 29 నుండి నగరమంతటను అల్ట్రా లో ఎమిషన్ జోన్ నియమము అమలులోనున్నది. యూరో 6 స్థాయి లేని డీజిలు బండి, యూరో 4 స్థాయి లేని పెట్రోలు బండి కదలిన ప్రతిదినమును 12.50 పౌండ్లు చెల్లింపవలెను. జపాను బండ్ల పత్రములలో ఈ స్థాయి తరచు వ్రాయబడియుండదు. పాత డీజిలు బోంగో ఈ పరీక్షలో నెగ్గదు. బీమా కంపెనీలలో కొన్ని దిగుమతి బండ్లను అంగీకరింపవు. బయానా ఇచ్చుటకు ముందే ఫోను చేసి తెలిసికొనుడు.

అమ్మువాడు ఎండకాచు దినమున రమ్మనును. మీరు వాన కురియు దినమున పొండు. కప్పును పైకి లేపించి, గుడ్డగోడల కుట్లను వ్రేళ్లతో తడిమి చూడుడు. పరుపునెత్తి పలకను నొక్కుడు. మెత్తగా దిగినచో తడి చేరినది. అన్నమును పప్పును వండు మన వంటలో వెలువడు ఆవిరి స్వల్పము కాదు, కావున కిటికీలు సులభముగా తెరచుకొనునో లేదో చూడుడు. తరువాత ఆ పడకపై కాళ్లు చాపి పరుండి, తలుపు మూయించి, పావుగంట సేపు ముక్కును చెవులను అప్పగించి ఊరకుండుడు. మేము మా బండిని చూడబోయిన దినమున పరుపుమీద కూర్చుండి టీ త్రాగితిమి.