ఉన్నది ఒక్కటే మూత్రపిండం – నొప్పి మాత్రతో జాగ్రత్త!

“నొప్పి మాత్రే కదా!” అని తేలికగా తలచి నేను చేసిన పొరపాటు మరొక ఇంట జరుగరాదని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

నా 58వ ఏట ఎడమ మూత్రపిండంలో క్యాన్సర్ గడ్డ బయటపడింది. ప్రక్కటెముకల క్రింద కోసి ఆ మూత్రపిండాన్ని పూర్తిగా తొలగించారు. తొలి మూడు రోజులు వెన్నులో అమర్చిన సన్నని గొట్టం ద్వారా మందు ఎక్కించడం వలన బాధ అంతగా తెలియలేదు. దగ్గు వచ్చినప్పుడు దిండును గాయానికి అదిమి పట్టుకొమ్మన్నారు. నొప్పికి జడిసి ఊపిరి బిగబడితే కఫం చేరి న్యుమోనియా రావచ్చు; కదలక పడుకొంటే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చు. కనుక నొప్పిని ఓర్చుకోవడం ఘనత కాదు, తగ్గించుకోవడం చికిత్సలో భాగమే.

ఇంటికి పంపేటప్పుడు పారాసిటమాల్, అది చాలనప్పుడు వేసుకొనేందుకు కొద్ది రోజులకు ట్రమడాల్ వ్రాసి ఇచ్చారు. ట్రమడాల్ మలబద్ధకాన్ని కలిగిస్తుంది. ముక్కితే కుట్లపై ఒత్తిడి పడుతుంది. దానికి వైద్యులు ఇచ్చిన విరేచన మాత్రలో ఉన్నది మనకు తరతరాలుగా తెలిసిన సునాముఖియే!

ఆరవ వారంలో గాయం ప్రక్కన మంట, సలుపు మొదలైనవి. వైద్యుని అడుగక, వీధి చివరి మందుల దుకాణంలో డైక్లోఫెనాక్ కొని పది రోజులు మ్రింగాను. పాదాలు వాచాయి, మూత్రం తగ్గింది. రక్తంలో క్రియాటినిన్ 1.3 నుండి 2.4కు పెరిగింది.

కారణమేమి? శరీరంలోని ప్రోస్టాగ్లాండిన్లు నొప్పిని, వాపును పెంచుతాయి. అవే మూత్రపిండానికి రక్తప్రవాహం తగ్గకుండానూ కాపాడతాయి. ఆస్పిరిన్ వంటి మందులు వీటి ఉత్పత్తిని అడ్డుకొంటాయని 1971లో జాన్ వేన్ నిరూపించారు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ ఈ కోవలోనివే. ఇద్దరి పని ఒక్కరే చేస్తున్న మూత్రపిండానికి ఆ దెబ్బ తట్టుకోవడం కష్టం.

మాత్ర మానిన మూడు వారాలకు క్రియాటినిన్ 1.4కు దిగింది. నా మంట కోతలో దెబ్బతిన్న నరానిదని తేలింది. దానికి వేరే మందును, మూత్రపిండం శక్తిని బట్టి మోతాదు తగ్గించి ఇచ్చారు.

మూలికలన్నీ నిరపాయమనుకోవద్దు. గాడిదగడపరలోని అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను పాడుచేస్తుంది, మూత్రమార్గంలో క్యాన్సర్‌ను కూడా కలిగిస్తుంది. గాయం పూర్తిగా మానక తైలమర్దనం చేయరాదు. స్పర్శ తగ్గిన చోట వేడినీటి సంచి పెడితే తెలియకుండానే బొబ్బలెక్కుతుంది.

జ్వరం, చీము, పిక్కలో వాపు, మూత్రంలో రక్తం, కోత వద్ద ఉబ్బు, కొత్తగా మొదలై తగ్గని ఎముకనొప్పి – వీటిలో ఏది కనిపించినా ఇంటి వైద్యంతో కాలయాపన చేయక ఆసుపత్రికి వెళ్ళాలి. ఏ మందు కొన్నా, ఏ కషాయం త్రాగదలచినా ముందుగా చెప్పవలసిన మాట ఒక్కటే: “నాకున్నది ఒక్కటే మూత్రపిండం.”