ఫుట్‌బాల్ ఏజెంటు ఎంపిక

ఫుట్‌బాల్ ఏజెంటు అనగా ఆటగాని తరఫున క్లబ్బులతో వేతనం, ఒప్పంద కాలం, బదిలీ మొదలైన విషయాలపై సంప్రదింపులు జరిపి, అందుకు రుసుము తీసుకొనే ప్రతినిధి. వృత్తి ఫుట్‌బాల్‌లో ప్రవేశించే యువ క్రీడాకారులకు, వారి కుటుంబాలకు ఏజెంటు ఎంపిక ముఖ్యమైన నిర్ణయం. సాధారణంగా ఆటగాడు 15 నుండి 18 సంవత్సరాల వయసులో ఉన్నప్పుడు ఈ నిర్ణయం తీసుకోవలసి వస్తుంది. ఆ సమయానికి ఒప్పందాల గురించి, చట్టం గురించి కుటుంబానికి అనుభవం ఉండదు. ఎదుటి వ్యక్తికి మాత్రం అదే నిత్యవృత్తి. ఈ అసమానతను తగ్గించడానికే అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య (ఫిఫా), వివిధ దేశాల సంఘాలు నిబంధనలు ఏర్పరచాయి.

ఏజెంటు చేసే పనులు

ఏజెంటు ముఖ్యంగా మూడు పనులు చేస్తాడు. ఆటగానికి తగిన క్లబ్బును వెదకుతాడు, ఒప్పంద షరతులపై బేరమాడతాడు, ఒప్పందం ముగిసే సమయంలో తరువాతి అవకాశాన్ని చూస్తాడు. కొందరు ప్రకటనల వ్యవహారాలు, పన్నుల విషయాలు కూడా చూస్తారు.

జట్టులో స్థానం ఇప్పించడం ఏజెంటు చేతిలో లేదు. ఆటగాని ఎంపిక క్లబ్బు శిక్షకులు, ప్రతిభాన్వేషకులు చేస్తారు. అకాడమీలో శిక్షణ పొందుతున్న 13, 14 ఏళ్ళ పిల్లలకు బేరమాడవలసిన వృత్తి ఒప్పందమే ఉండదు కనుక, ఆ వయసులో ఏజెంటు అవసరం చాలా తక్కువ. ఆ దశలో శిక్షకుని సలహా, చదువు, ఆరోగ్యం ముఖ్యమైనవి.

నిబంధనల చరిత్ర

ఏజెంట్లకు లైసెన్సు పద్ధతిని ఫిఫా 1990వ దశకంలో ప్రవేశపెట్టింది. 2001లో వ్రాత పరీక్ష విధానం వచ్చింది. అప్పటి నిబంధనల ప్రకారం ఆటగాని తల్లిదండ్రులకు, తోబుట్టువులకు, జీవిత భాగస్వామికి, న్యాయవాదులకు లైసెన్సు అవసరం ఉండేది కాదు. 2015 ఏప్రిల్ 1 నుండి ఫిఫా లైసెన్సు పద్ధతిని రద్దు చేసి, 'మధ్యవర్తుల' నమోదును ఆయా దేశాల సంఘాలకు విడిచిపెట్టింది. పరీక్ష లేకపోవడంతో ఈ రంగంలోకి అనుభవం లేనివారు పెద్ద సంఖ్యలో వచ్చారు.

2022 డిసెంబరులో ఫిఫా కొత్త నిబంధనలను ఆమోదించి, లైసెన్సు పద్ధతిని పునరుద్ధరించింది. 2023 ఏప్రిల్‌లో మొదటి పరీక్ష జరిగింది. 20 ప్రశ్నలకు గాను 75 శాతం సరైన సమాధానాలు వ్రాసినవారు ఉత్తీర్ణులు. మొదటి పరీక్షలో హాజరైనవారిలో సుమారు సగం మంది మాత్రమే ఉత్తీర్ణులయ్యారు. లైసెన్సు వ్యక్తులకే ఇస్తారు, సంస్థలకు ఇవ్వరు. కనుక 'మా కంపెనీకి లైసెన్సు ఉంది' అని ఎవరైనా చెప్పినచో, తమతో మాట్లాడుతున్న వ్యక్తి పేరు మీద లైసెన్సు ఉన్నదా అని కుటుంబం అడగవలెను. లైసెన్సు పొందినవారి పేర్లను ఫిఫా తన వెబ్‌సైటులో ప్రకటిస్తుంది.

మైనరు ఆటగాళ్ళకు నియమాలు

2023 నిబంధనలలో 18 సంవత్సరాలు నిండని ఆటగాళ్ళ రక్షణ కొరకు ప్రత్యేక నియమాలు ఉన్నాయి.

* ఆటగాడు తాను పనిచేయబోయే దేశ చట్టం ప్రకారం మొదటి వృత్తి ఒప్పందం చేసుకొనగల వయసుకు ఆరు నెలల ముందు మాత్రమే ఏజెంటు అతనిని గాని, కుటుంబాన్ని గాని సంప్రదించవచ్చును. అంతకు ముందు సంప్రదించరాదు.
* సంప్రదించడానికి ముందు సంరక్షకుని వ్రాతపూర్వక అనుమతి ఉండాలి.
* మైనర్లకు ప్రాతినిధ్యం వహించే ఏజెంటు అందుకు సంబంధించిన ప్రత్యేక శిక్షణ పూర్తి చేసి ఉండాలి.
* ప్రాతినిధ్య ఒప్పందంపై సంరక్షకుని సంతకం లేకపోతే అది చెల్లదు.
* మైనరు వృత్తి ఒప్పందం చేసుకొన్న సందర్భంలో తప్ప, అతని పేరున ఏజెంటు రుసుము తీసుకోరాదు.

మైదానం అంచున నిలబడి పన్నెండేళ్ళ బాలుని తండ్రికి బూట్లు, ఫోను బహుమతిగా ఇవ్వజూపే వ్యక్తి ఈ నియమాలలో మొదటిదాన్నే ఉల్లంఘిస్తున్నాడు. ఎంపికలో అతనిని తొలగించడానికి ఆ ఒక్క కారణం చాలు.

ఒక ఉదాహరణ: వేన్ రూనీ ఒప్పందాలు

ఇంగ్లండు జట్టు తరఫున 53 గోలులు చేసిన వేన్ రూనీ జీవితంలో రెండు ఒప్పందాలు న్యాయస్థానాలకు చేరాయి. రెండూ అతడు 18 ఏళ్ళు నిండకముందే సంతకం చేసినవి.

మొదటిది 2000 డిసెంబరులో ప్రోఫార్మ్ అనే సంస్థతో చేసుకొన్న ప్రాతినిధ్య ఒప్పందం. అప్పటికి రూనీ వయసు 15 సంవత్సరాలు. తరువాత అతడు ప్రోయాక్టివ్ అనే మరొక సంస్థకు మారగా, మొదటి సంస్థ రెండవ సంస్థపై దావా వేసింది. 2006లో ఇంగ్లండు హైకోర్టు ఈ దావాను తోసిపుచ్చింది. మైనరుకు అత్యవసరమైన వస్తువులు, లేక శిక్షణ సమకూర్చే ఒప్పందాలకు మాత్రమే అతడు కట్టుబడి ఉంటాడనీ, రూనీ అప్పటికే ఎవర్టన్ క్లబ్బులో శిక్షణ పొందుతున్నందున ఏజెంటు ఒప్పందం ఆ కోవలోకి రాదనీ, కనుక దానిని అతడు రద్దు చేసుకొనవచ్చుననీ తీర్పు సారాంశం.

రెండవది 2003లో, 17 ఏళ్ళ వయసులో, ప్రోయాక్టివ్ సంస్థతో జరిగింది. రూనీ పేరు, రూపం ప్రకటనలలో వాడుకొనే హక్కులకు సంబంధించిన ఈ ఒప్పందం కాలం 8 సంవత్సరాలు, సంస్థ వాటా 20 శాతం. సంతకం చేసేటప్పుడు రూనీకి గాని, అతని తల్లిదండ్రులకు గాని స్వతంత్ర న్యాయ సలహా అందలేదు. వృత్తి స్వేచ్ఛను అనుచితంగా నిరోధిస్తున్నందున ఇది అమలు కాదని 2010లో హైకోర్టు నిర్ణయించగా, 2011 డిసెంబరులో అప్పీలు కోర్టు దానిని సమర్థించింది.

రూనీకి న్యాయవాదులను పెట్టుకొనగల ఆర్థిక స్థోమత ఉన్నది. సాధారణ ఆటగాడు ఇటువంటి ఒప్పందంలో చిక్కుకొంటే కోర్టు ద్వారా బయటపడడం కష్టం. అందువలన పరిశీలన అంతా సంతకానికి ముందే జరగవలసి ఉంటుంది.

రుసుము

ఏజెంటు రుసుము సాధారణంగా ఆటగాని వేతనంలో ఒక శాతంగా ఉంటుంది. 2023 నిబంధనలు ఆటగాని తరఫు రుసుముకు ఏటా 2,00,000 అమెరికా డాలర్ల వరకు వేతనంపై 5 శాతం, ఆపై మొత్తంపై 3 శాతం గరిష్ఠ పరిమితి విధించాయి. ఈ పరిమితిని ఏజెంట్లు అనేక దేశాలలో సవాలు చేశారు. జర్మనీ న్యాయస్థానం ఉత్తర్వుల నేపథ్యంలో 2023 డిసెంబరు 30న ఫిఫా ఈ పరిమితితో పాటు మరికొన్ని నియమాల అమలును ప్రపంచవ్యాప్తంగా నిలిపివేసింది. నిలిపివేసిన పరిమితిని నమ్ముకొనుటకు వీలులేదు గనుక, ఒప్పందంలో వ్రాసిన అంకెయే కుటుంబానికి ముఖ్యం.

ఉదాహరణకు ఏడాదికి 12 లక్షల రూపాయల వేతనంపై 5 శాతం అనగా 60,000 రూపాయలు, 10 శాతం అనగా 1,20,000 రూపాయలు. రెండేళ్ళ కాలానికి ఈ రెంటి మధ్య తేడా 1,20,000 రూపాయలు. ఈ శాతం మూల వేతనంపైనా, బోనసులపైనా, ప్రకటనల ఆదాయంపైనా లెక్కిస్తారా అన్నది స్పష్టంగా వ్రాయించుకోవలెను.

ఏజెంటుకు డబ్బు ఎవరు ఇస్తున్నారన్నది మరొక ముఖ్య ప్రశ్న. ఒకే బేరంలో ఏజెంటు క్లబ్బు నుండి కూడా రుసుము తీసుకొంటే, ఆటగానికి ఎక్కువ వేతనం కోరడంలో అతని ఆసక్తి తగ్గవచ్చును. క్లబ్బుతో తనకున్న సంబంధాన్ని ఏజెంటు వ్రాతపూర్వకంగా తెలియజేయవలెనని కుటుంబం కోరవచ్చును.

ఒప్పంద పత్రంలో చూడవలసినవి

* కాలం: ఆటగానితో ప్రాతినిధ్య ఒప్పందం రెండేళ్ళకు మించరాదు. దానంతట అదే పొడిగింపబడే షరతు చెల్లదు.
* వివరాలు: ఇరుపక్షాల పేర్లు, సేవల స్వభావం, రుసుము, కాలం, సంతకాలు ఉండాలి. ఖాళీలు వదిలిన పత్రంపై సంతకం చేయరాదు.
* స్వేచ్ఛ: ఏజెంటు లేకుండా ఆటగాడు స్వయంగా క్లబ్బుతో ఒప్పందం చేసుకోకూడదన్న షరతు, చేసుకొంటే జరిమానా విధించే షరతు చెల్లవు.
* న్యాయ సలహా: స్వతంత్ర న్యాయ సలహా తీసుకొనవచ్చునని సంతకానికి ముందే ఏజెంటు వ్రాతపూర్వకంగా తెలియజేయవలెను. ఏజెంటు సూచించిన న్యాయవాది స్వతంత్రుడు కాడు.
* క్లబ్బుతో ఒప్పందం: ఇది వేరే పత్రం. 18 ఏళ్ళ లోపు ఆటగాడు క్లబ్బుతో మూడేళ్ళకు మించి వృత్తి ఒప్పందం చేసుకోరాదని ఫిఫా నియమం.

'ఈ రోజే సంతకం చేయాలి, రేపటికి అవకాశం పోతుంది' అనే తొందర అనుమానించదగినది. నిజాయితీ గల ఏజెంటు పత్రం నకలు ఇచ్చి, చదువుకొనుటకు వారం రోజుల వ్యవధి ఇవ్వడానికి వెనుకాడడు.

మోసాల తీరు

విదేశీ క్లబ్బులో ఎంపిక పరీక్ష ఏర్పాటు చేస్తామని కుటుంబాల నుండి ముందుగా డబ్బు వసూలు చేయడం నకిలీ ఏజెంట్ల సాధారణ పద్ధతి. పశ్చిమాఫ్రికాలో ఇళ్ళు, పొలాలు అమ్మి పిల్లలను పంపిన కుటుంబాలు ఉన్నాయి. ఐరోపాలో దిక్కులేక మిగిలిపోయిన అటువంటి పిల్లల సహాయార్థం కామెరూన్ మాజీ ఆటగాడు జీన్ క్లోడ్ ఎంబూమిన్ 2000లో ప్యారిస్‌లో 'ఫుట్ సాలిడేర్' అనే సంస్థను స్థాపించాడు. 2015లో లైబీరియా తదితర దేశాల నుండి మైనరు బాలురను ఆసియాలోని లావోస్ దేశపు శిక్షణా కేంద్రానికి చేర్చిన ఉదంతాన్ని బీబీసీ వెలుగులోకి తెచ్చింది.

18 ఏళ్ళు నిండని ఆటగాళ్ళ అంతర్జాతీయ బదిలీలను ఫిఫా నిషేధించింది. తల్లిదండ్రులు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణాలతో వలస వెళ్ళడం వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే కలవు. ఈ నియమాన్ని ఉల్లంఘించినందుకు 2014లో బార్సిలోనా క్లబ్బుపై ఆటగాళ్ళ నమోదు నిషేధం విధించబడింది. దాని ఫలితంగా అక్కడ శిక్షణ పొందుతున్న జపాను బాలుడు తకెఫుసా కుబో పోటీలలో ఆడలేక, 2015లో స్వదేశానికి తిరిగి వెళ్ళవలసి వచ్చింది. పెద్ద క్లబ్బు పేరు ఉన్నంత మాత్రాన ఏర్పాటు నియమబద్ధమని భావించరాదని ఈ సంఘటన తెలుపుతుంది.

భారతదేశంలో

భారతదేశంలో 2014లో ఇండియన్ సూపర్ లీగ్ ప్రారంభమైన తరువాత ఏజెంట్ల ప్రాధాన్యం పెరిగింది. తెలుగు క్రీడాకారులకు విదేశీ అవకాశాలు కూడా అప్పుడప్పుడు లభించాయి. నిజామాబాదు జిల్లాకు చెందిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ మహిళా జట్టులో చేరింది. అప్పటికి ఆమెకు 18 ఏళ్ళు దాటాయి.

భారత ఒప్పందాల చట్టం (1872) 11వ సెక్షను ప్రకారం మైనరుకు ఒప్పందం చేసుకొనే అర్హత లేదు. మైనరు చేసుకొన్న ఒప్పందం మొదటి నుండే చెల్లదని 1903లో మొహరీ బీబీ కేసులో ప్రీవీ కౌన్సిల్ తీర్పు ఇచ్చింది. అందువలన బాలుని చేత మాత్రమే సంతకం చేయించుకొన్న కాగితానికి విలువ లేదు. తల్లి గాని, తండ్రి గాని సంతకం చేయవలసి వచ్చినపుడు, అందులోని బాధ్యతలు తమ మీద ఎంతవరకు పడతాయో ముందుగా న్యాయవాదిని అడిగి తెలుసుకోవలెను.

పదిహేనేళ్ళ బాలునికి ఇంగ్లండు క్లబ్బులో ఒప్పందం ఇప్పిస్తామని హైదరాబాదులో గాని, విశాఖపట్నంలో గాని ఎవరైనా చెప్పినచో అది సాధారణంగా ఫిఫా నియమాలకు విరుద్ధం. పిలుపు లేఖ చూపినచో, ఆ లేఖలో ఉన్న ఫోను నంబరుకు కాక, క్లబ్బు అధికారిక వెబ్‌సైటులోని చిరునామాకు వ్రాసి నిర్ధారించుకోవలెను. ఏజెంటు వివరాలను అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య వద్ద కూడా విచారించవచ్చును.

ఎంపికకు ముందు అడగవలసిన ప్రశ్నలు

1. లైసెన్సు ఎవరి పేరున ఉన్నది? ఫిఫా జాబితాలో ఆ పేరు కనిపిస్తున్నదా?
2. ప్రస్తుతం ఎంతమంది ఆటగాళ్ళకు ప్రాతినిధ్యం వహిస్తున్నారు? వారిలో ఇద్దరు ముగ్గురు కుటుంబాలతో మాట్లాడవచ్చునా?
3. గాయపడిన, లేక క్లబ్బు వదిలివేసిన ఆటగాళ్ళ విషయంలో ఏమి చేశారు?
4. రుసుము ఎంత, ఎవరు చెల్లిస్తారు, ఎప్పుడు చెల్లిస్తారు?
5. చదువు కొనసాగించడం గురించి అభిప్రాయం ఏమిటి?

వీటిలో మూడవ ప్రశ్నకు వచ్చే జవాబు ముఖ్యమైనది. ప్రసిద్ధి చెందిన ఆటగాని పేరు ఏ ఏజెంటైనా గర్వంగా చెప్పుకొంటాడు. మోకాలి గాయంతో రెండేళ్ళు ఆటకు దూరమైన ఆటగాని తల్లిదండ్రులు అదే ఏజెంటు గురించి మంచిగా చెప్పగలిగితే, అది కుటుంబానికి దొరకగల మేలైన సిఫారసు.