కుందేళ్ళ మేతకు పనికివచ్చే అడవి మొక్కలు (నల్గొండ, మహబూబ్ నగర్)

నల్గొండ, మహబూబ్ నగర్ ప్రాంతాలలోని చెలకలలోనూ, పొలం గట్లమీదనూ సహజంగా పెరిగే అనేక మొక్కలు పెంపుడు కుందేళ్ళకు మేతగా పనికివస్తాయి. విషపు మొక్కలు కూడా ఆ చోట్లనే పెరుగుతాయి కనుక, కోసేముందు మొక్కను నిశ్చయంగా గుర్తించవలెను. 2016, 2019 సంవత్సరాలలో ఈ రెండు పాత జిల్లాలు పలు జిల్లాలుగా విభజింపబడినవి. ఈ వ్యాసం ఆ ప్రాంతమంతటికీ వర్తిస్తుంది.

పెంపుడు కుందేలు - చెవులపిల్లి

తెలంగాణలో చెవులపిల్లి అని పిలిచే అడవి కుందేలు (లీపస్ నైగ్రికోలిస్) వేరు, ఐరోపా మూలం గల పెంపుడు కుందేలు (ఒరిక్టోలాగస్ క్యూనిక్యులస్) వేరు. మొదటిది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద రక్షిత జంతువు. దానిని పట్టి పెంచరాదు.

జీర్ణక్రియ

కుందేలు మేతలో పీచు అధికంగా ఉండవలెను. పీచు ప్రేగుల కదలికను నిలుపుతుంది. కొంత మేత అంధనాళంలో సూక్ష్మజీవుల వలన పులిసి జీర్ణమవుతుంది. కుందేలు వాంతి చేసుకోలేదు. కనుక మింగిన విషం బయటకు వచ్చే మార్గం లేదు.

వేయదగిన మొక్కలు

* గరిక (సైనోడాన్ డాక్టిలాన్): ప్రధానమైన మేత. పచ్చిగానూ, ఎండబెట్టిగానూ వేయవచ్చును.
* గడ్డిచేమంతి (ట్రైడాక్స్ ప్రోకంబెన్స్): కుందేళ్ళు ఇష్టంగా తింటాయి.
* వెన్నదేవికూర (కమ్మెలైనా బెంగాలెన్సిస్): నీలి పూలు పూస్తుంది. ఆకు మొదలు కాడను చుట్టుకొని ఉంటుంది. నీటి శాతం ఎక్కువ గనుక కొద్దిగా వేయవలెను.
* తోటకూర జాతులు, పావిలికూర: వీటిలో ఆక్సలేట్లు ఉంటాయి. అప్పుడప్పుడు మాత్రమే వేయవలెను.

పోలికగల మొక్కలు

గడ్డిచేమంతిని వయ్యారిభామ (పార్థీనియం)గా పొరబడకూడదు. గడ్డిచేమంతి నేలబారుగా ప్రాకుతుంది. ఆకులు ఎదురెదురుగా, రంపపు అంచులతో ఉంటాయి. పొడవైన కాడపై ఒకే పువ్వు ఉంటుంది. వయ్యారిభామ నిలువుగా పెరుగుతుంది. ఆకులు క్యారెట్ ఆకువలె చీలి ఉంటాయి. చిన్న తెల్లని పూలు గుంపులుగా పూస్తాయి.

గలిజేరు అనే పేరుతో రెండు మొక్కలు వ్యవహారంలో ఉన్నాయి. పూలు సన్నని కాడల చివర గుత్తులుగా ఉన్నది అటికమామిడి (బోర్హావియా డిఫ్యూసా). ఇది మేతకు పనికివస్తుంది. దళసరి ఆకులతో, ఆకు మొదట్లోనే పువ్వు ఉన్నది ట్రయాంథిమా. దీనిలో ఆక్సలేట్లు అధికం, వేయరాదు. పేరును బట్టి గాక పువ్వును చూచి నిర్ణయించవలెను.

వేయకూడనివి

గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు, ఆముదం, గురివింద, లాంటానా, బ్రహ్మదండి, కశింద విషపూరితమైనవి. సుబాబుల్ ఆకులోని మైమోసిన్ వలన వెంట్రుకలు రాలుతాయి. జొన్న కోసిన మోళ్ళనుండి చిగిర్చే నాములో, ముఖ్యంగా వానలు లేనపుడు, పశువులను చంపగల సైనైడు విషం ఏర్పడుతుంది. దానిని కుందేళ్ళకు కూడా వేయరాదు. బూజు పట్టిన వేరుశనగ కట్టెలో అఫ్లాటాక్సిన్ ఉండవచ్చును. దీనిని కుందేళ్ళు తట్టుకోలేవు.

ఒక అపోహ

కుందేలు విషపు ఆకును తానే వదిలివేస్తుందని కొందరి నమ్మకం. బోనులో ఆకలితో ఉన్న కుందేలు వేసినదెల్లా కొరుకుతుంది. ఉమ్మెత్తలోని అట్రోపిన్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైము కొన్ని కుందేళ్ళలో పుట్టుకతోనే ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. కనుక ఒక కుందేలు తిని బ్రతికినంత మాత్రాన ఆ మొక్క సురక్షితమని భావించరాదు.

జాగ్రత్తలు

* పురుగుమందు, కలుపుమందు చల్లిన పత్తి చేల గట్లమీద, రహదారుల ప్రక్కన కోయరాదు.
* కోసిన ఆకును కుప్పగా పోసి వేడెక్కనీయరాదు.
* కొత్త మొక్కను ఒకేసారి ఒక్కటి చొప్పున, కొద్ది ఆకులతో అలవాటు చేయవలెను.
* కుందేలు ఒక పూట మేత ముట్టకపోయినా, పెంటికలు వేయకపోయినా, కడుపు ఉబ్బినా వెంటనే పశువైద్యునికి చూపవలెను. తిన్న మొక్క కొమ్మను వెంట తీసుకొనిపోతే చికిత్సకు తోడ్పడుతుంది.
* సందేహమున్న మొక్కను వదిలివేసి గరికను వేయడం ఉత్తమం.