కుక్క కరిస్తే నేను పసరు ఎందుకివ్వను?

కిందటి శ్రావణమాసంలో ఒక సాయంకాలం, దీపాలు పెట్టే వేళ, మా వీధి చివరి ఇంటి పెద్దావిడ తొమ్మిదేళ్ల మనుమణ్ణి వెంటబెట్టుకొని నా వైద్యశాలకు వచ్చింది. కుర్రవాడి పిక్కకు పాతగుడ్డ చుట్టి ఉంది. విప్పి చూద్దును గదా, పళ్లు దిగిన గాయం మీద కారం, సున్నం కలిపి దట్టంగా పట్టించి ఉన్నారు. పిల్లవాడు మంటకు తాళలేక వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

“బడి నుంచి వస్తుంటే వీధికుక్క కరిచిందయ్యా. మీ నాన్నగారు పసరు పోసేవారు గదా! మూడు రోజులు తాగితే చాలనేవారు. ఆ మందేదో మీరూ ఇవ్వండి” అన్నదావిడ.

నేను పసరు ఇవ్వలేదు. కుర్రవాణ్ణి పెరటి కుళాయి దగ్గర కూర్చోబెట్టి, ఆ కారమూ సున్నమూ పోయేటట్లు సబ్బుతో గాయం కడిగాను. గడియారం చూసుకొని పదిహేను నిమిషాలు కడిగాను. ఆ తరువాత వాళ్లిద్దరినీ ఆటోలో ఎక్కించుకొని ప్రభుత్వాసుపత్రికి తీసుకువెళ్లాను. దారి పొడుగునా ఆవిడ ముఖం చిన్నబుచ్చుకునే ఉంది. ఆయుర్వేద వైద్యుడై ఉండి ఇంగ్లీషు మందుకు పంపడమేమిటని ఆవిడ సందేహం. మన పాఠకులలో చాలామందికి ఇదే సందేహం ఉంటుందని నాకు తెలుసు. ఈ వ్యాసం వారి కోసమే.

మా నాన్నగారి కల్వం

ఆవిడ చెప్పినది నిజమే. మా నాన్నగారు ఒకప్పుడు కుక్కకాటుకు పసరు ఇచ్చేవారు. ఆ మందు కోసం చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం బండ్లు కట్టుకొని వచ్చేవారు. మూడు రోజుల మందు, నలభై రోజుల పథ్యం. డబ్బు పుచ్చుకునేవారు కాదు.

1974 వేసవిలో, నేను ఆయుర్వేద కళాశాలలో చదువుకుంటున్న రోజుల్లో, మా ఊరి వ్యవసాయ కూలీ ఒకతనిని కుక్క కరిచింది. పట్నం ఆసుపత్రికి వెళితే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడుస్తారని భయపడి అతను నాన్నగారి దగ్గరకు వచ్చాడు. పసరు తాగాడు, పథ్యం చేశాడు, పనికి పోయాడు. సుమారు యాభై రోజుల తరువాత మానిపోయిన గాయం దగ్గర తిమ్మిరిగా, చీమలు పాకినట్లుగా ఉందని చెప్పాడు. మరో రెండు రోజులకు మజ్జిగ గ్లాసు నోటి దగ్గర పెట్టుకోగానే గొంతు బిగుసుకుపోయి, గ్లాసు విసిరికొట్టాడు. పట్నం తీసుకువెళ్లినా ఎవరూ చేయగలిగింది లేకపోయింది. మూడవ రోజున మరణించాడు. అతనికి ఇద్దరు చిన్నపిల్లలు.

ఆ రాత్రి నాన్నగారు అన్న మాట నాకు నేటికీ గుర్తున్నది. “నేను బతికించాననుకున్న వాళ్లను నేను బతికించలేదురా. వాళ్లను కరిచినవి పిచ్చికుక్కలు కావు. అంతే.” మరునాటి నుంచి ఆయన కుక్కకాటుకు కల్వం ముట్టలేదు.

పసరు మందుకు పేరు రావడానికి కారణం ఆ మాటలోనే ఉన్నది. కరిచే కుక్కలలో అధిక సంఖ్యాకం ఆరోగ్యంగా ఉన్నవే. నిజంగా పిచ్చికుక్క కరిచినప్పుడు కూడా అందరికీ వ్యాధి రాదు. మందు తాగినా తాగకపోయినా బతికేవారు బతికి, మందును పొగుడుతారు. మరణించినవారు వచ్చి చెప్పలేరు.

సుశ్రుతుడు ఏమన్నాడు?

మన శాస్త్రం ఈ వ్యాధిని ఎరుగనిది కాదు. సుశ్రుత సంహిత కల్పస్థానం ఏడవ అధ్యాయంలో అలర్క విషం, అనగా పిచ్చికుక్క విషం, వివరంగా వర్ణింపబడింది. తోక, దవడ, భుజాలు వేలాడుతూ, చొంగ కారుస్తూ తిరిగే కుక్క లక్షణాలు అక్కడ ఉన్నవి. నీటిని చూసినా, తాకినా, నీటి శబ్దం విన్నా భయపడే స్థితికి జలత్రాసమని పేరు పెట్టి, అది మరణ సూచకమని సుశ్రుతాచార్యుడు స్పష్టంగా చెప్పాడు. ఆ దశలో చికిత్స లేదని ఒప్పుకోవడానికి ఆయన సంకోచించలేదు.

కాటు వేసిన చోటనే విషాన్ని తొలగించాలన్నది ఆయన చికిత్సలో మొదటి మెట్టు. ఆనాడు అందుకు రక్తం పిండి, కాచిన నేతితో గాయాన్ని కాల్చేవారు. ఈనాడు ఆ రెండు పనులూ చేయరాదు. వాటికంటె మేలైన సాధనం, సబ్బూ నీరూ, ప్రతి ఇంటా ఉన్నది.

వ్యాధి ఎలా పాకుతుంది?

ఈ వ్యాధికి కారణం రేబిస్ వైరస్. పిచ్చికుక్క లాలాజలంలో ఉండి, కాటు ద్వారా మన కండలోకి చేరుతుంది. అక్కడి నుంచి నరాలలో ప్రవేశించి, వెన్నుపాము మీదుగా మెదడును చేరుతుంది. ఈ ప్రయాణానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. ఒక్కొక్కప్పుడు వారం పది రోజులే కావచ్చు, అరుదుగా ఏడాది కూడా దాటవచ్చు. ముఖం, మెడ, చేతివేళ్ల మీది కాట్లు ఎక్కువ ప్రమాదకరం. మెదడు చేరి లక్షణాలు బయటపడిన తరువాత ఏ వైద్య విధానంలోనూ నమ్మదగిన చికిత్స లేదు. మనకున్న అవకాశమంతా కాటుకూ లక్షణాలకూ నడుమనున్న ఆ వ్యవధిలోనే. పసరుతో, తాయెత్తుతో పోగొట్టుకునేది ఆ వ్యవధినే.

మొదటి పదిహేను నిమిషాలు

1. కుళాయి కింద గానీ, చెంబుతో ధారగా పోస్తూ గానీ, సబ్బుతో గాయాన్ని పదిహేను నిమిషాలు కడగాలి. ఈ వైరస్ పైపొర కొవ్వుతో కూడినది. సబ్బు దానిని కరిగిస్తుంది. స్నానం సబ్బయినా, బట్టల సబ్బయినా ఫరవాలేదు.

2. కడిగిన తరువాత పావిడోన్ అయోడిన్ వంటి క్రిమినాశక ద్రవం అద్దాలి.

3. కారం, సున్నం, పసుపు, కాఫీపొడి, ఆకు పసర్లు ఏవీ పెట్టరాదు. చిన్న చిన్న దెబ్బలకు పసుపు మంచిదని నేనే పలుమార్లు చెప్పాను. కుక్కకాటుకు అది వర్తించదు. ఈ పొడులు గాయాన్ని కప్పి, కడగడానికి అడ్డు వస్తాయి. కారం, సున్నం కండను రేపి మరింత కీడు చేస్తాయి.

4. గట్టిగా కట్టు కట్టరాదు. కుట్లు తప్పనిసరి అయితే ఎప్పుడు వేయాలో వైద్యుడే నిర్ణయించాలి.

ఆసుపత్రిలో ఏమి చేస్తారు?

కాటును మూడు తరగతులుగా చూస్తారు. కుక్కను తాకడం, తిండి పెట్టడం, గాయం లేని చర్మాన్ని అది నాకడం మొదటి తరగతి. దీనికి కడుక్కుంటే చాలు, సూదిమందు అక్కరలేదు. రక్తం రాని గీతలు, పళ్లతో పైపైన కొరకడం రెండవ తరగతి. దీనికి టీకా వేయించాలి. చర్మం చీలి రక్తం వచ్చిన కాటు, గోటి గాయం, ఉన్న పుండును నాకడం, కన్ను లేదా నోటిలో చొంగ పడడం మూడవ తరగతి. దీనికి టీకాతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా అవసరం.

ఈ రెండింటి భేదం గ్రహించాలి. టీకా మన శరీరం చేత రక్షక పదార్థాలను తయారు చేయిస్తుంది. దానికి కొన్ని రోజులు పడుతుంది. ఇమ్యునోగ్లోబులిన్ సిద్ధంగా ఉన్న రక్షక పదార్థం. దానిని గాయం లోపలా చుట్టూ ఎక్కిస్తారు. మొదటి రోజునే వేయించడం శ్రేష్ఠం. ఆనాడు దొరకకపోతే మొదటి టీకా నుంచి ఏడు రోజులలోపు వేయించవచ్చు. చిన్న ఆరోగ్య కేంద్రంలో ఇది లేకపోతే ప్రాంతీయ లేదా జిల్లా ఆసుపత్రికి వెళ్లాలి.

బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల భయం ఇంకా కొందరిని వదలలేదు. అది గొర్రె మెదడు నుంచి తీసిన పాతకాలపు మందు. డేవిడ్ సెంపుల్ 1911లో కసౌలీలో రూపొందించినది. 2005 నాటికి మన దేశంలో దాని తయారీ నిలిచిపోయింది. ఇప్పటి టీకా భుజానికి వేస్తారు, పసిపిల్లలకైతే తొడకు. కండలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజును సున్నాగా లెక్కించి 0, 3, 7, 14, 28వ రోజులలో వేస్తారు. ప్రభుత్వాసుపత్రులలో అనుసరించే, చర్మం పొరలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28వ రోజులలో రెండు భుజాలకూ కొద్ది కొద్దిగా వేస్తారు. ప్రభుత్వాసుపత్రులలో ఇది ఉచితం. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఈ టీకాకు చిరకాలంగా పేరుపొందినది.

గర్భిణులు, బాలింతలు, పసిబిడ్డలు నిస్సంకోచంగా వేయించుకోవచ్చు. మాంసం, గుడ్డు మానాలన్న పథ్యం లేదు. రెండు సూదులతో గాయం మానిందని ఆపివేయరాదు. కరిచి వారాలు గడిచినా, ఆలస్యమైందని ఊరుకోక వెంటనే ప్రారంభించాలి. పిల్లి, కోతి, ముంగిస, నక్క కరిచినా ఇదే విధానం.

కుక్కను పది రోజులు గమనించండి

లాలాజలంలో వైరస్ ఉన్న కుక్క సాధారణంగా పది రోజులలోపు జబ్బుపడి చనిపోతుంది. కనుక కరిచిన కుక్క పది రోజుల తరువాత కూడా ఆరోగ్యంగా తిరుగుతుంటే, ఆ కాటు వల్ల రేబిస్ భయం లేదు. అప్పుడు మిగిలిన టీకాల విషయం వైద్యుడు నిర్ణయిస్తారు. అయితే ఆ పది రోజులూ టీకా వేయించకుండా వేచి ఉండరాదు. చికిత్స, గమనింపు రెండూ ఒకేసారి సాగాలి. పెంపుడు కుక్కే గదా, దానికి టీకా వేయించాము గదా అని కూడా ఉపేక్షించరాదు.

కోపంతో కుక్కను కొట్టి చంపేవారు కొందరు ఉన్నారు. అది చట్టవిరుద్ధం. పైగా ఆ పది రోజుల సాక్ష్యం దానితోనే పోతుంది.

ఎవరెవరికి తెలియజేయాలి?

వైద్యునికి: ఏ రోజు, ఏ వేళ, ఎక్కడ కరిచింది, రెచ్చగొడితే కరిచిందా, ఊరకనే మీదపడిందా, ఎవరి కుక్క అన్న వివరాలు చెప్పాలి. ఆసుపత్రి చీటీ భద్రపరచుకోవాలి.

కుక్క యజమానికి: టీకాల కార్డు చూపమని అడగాలి. కుక్కను పది రోజులు కట్టి ఉంచి, మార్పు కనిపిస్తే వెంటనే కబురు చేయమని చెప్పాలి. ఇరుగుపొరుగని మొగమాటపడి దాచుకుంటే ఇరువురికీ నష్టమే. యజమాని నిర్లక్ష్యం వల్ల ప్రమాదం జరిగితే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను కింద పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చు.

పురపాలక సంఘానికి లేదా పంచాయతీకి: వీధికుక్క అయితే పట్టణంలో పురపాలక కార్యాలయానికి, పల్లెలో పంచాయతీ కార్యదర్శికి వ్రాతపూర్వకంగా తెలియజేసి, ఫిర్యాదు సంఖ్య తీసుకోవాలి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కలకు శస్త్రచికిత్స, టీకాలు వేయించడం, రేబిస్ అనుమానమున్న కుక్కను వేరుచేసి ఉంచడం స్థానిక సంస్థల బాధ్యత.

పశువైద్యశాలకు: కుక్క చొంగ కారుస్తున్నా, గొంతు మారినా, కర్రలూ రాళ్లూ కొరుకుతున్నా, మూలన నక్కి మత్తుగా పడి ఉన్నా తెలియజేయాలి. అది మీ గేదెను, ఆవును కరిచినా చెప్పాలి. పశువులకూ కాటు తరువాత ఇచ్చే టీకాలు ఉన్నవి. చనిపోయిన కుక్కను ఒట్టి చేతులతో తాకరాదు.

వీధివారికి, బడికి: అదే కుక్క అదే రోజున మరి నలుగురిని కరిచి ఉండవచ్చు. మీరు చెప్పే మాట ఒక పసివాణ్ణి సకాలంలో ఆసుపత్రికి చేర్చవచ్చు. పిల్లలు తిడతారేమోనని చిన్న గాటును దాచుకుంటారు. కుక్క గీరినా సరే చెప్పవలెనని, చెబితే ఎవరూ దండించరని మీ పిల్లలకు నేడే చెప్పండి.

చివరి మాట

ఆ పెద్దావిడ మనుమడికి తొలిరోజునే టీకా, ఇమ్యునోగ్లోబులిన్ రెండూ అందాయి. మిగిలిన తేదీలను ఆవిడ స్వయంగా గోడ క్యాలెండరులో కుంకుమతో గుర్తు పెట్టుకున్నది. ఒక్క తేదీ కూడా తప్పనివ్వలేదు. కరిచిన కుక్క రెండవ రోజు తరువాత మా వీధిలో కనిపించలేదు. పురపాలక సిబ్బంది వచ్చి వెదికినా దొరకలేదు. దానికి పిచ్చి ఉన్నదో లేదో ఎవరికీ తెలియదు. తెలియకపోయినా ఆ ఇంటివారు నిశ్చింతగా నిద్రపోతున్నారు.

ఇరవై ఎనిమిదవ రోజు టీకా అయిన సాయంత్రం ఆవిడ మళ్లీ వచ్చింది. “మీ నాన్నగారే ఉంటే పసరు ఇచ్చేవారేమోనయ్యా” అన్నది నవ్వుతూ.

“ఇచ్చేవారు కారమ్మా” అన్నాను. మా ఊరి కూలీ కథ ఆనాడు ఆవిడకు చెప్పాను. ఈనాడు మీకు చెబుతున్నాను.