పిల్లల ఉద్యోగానికి ఏ ఊరు మంచిది?

ఇంజనీరింగ్, ఎం.సి.ఎ. పూర్తిచేసిన పిల్లలున్న ఇళ్లల్లో ఈ రోజుల్లో ఒక ప్రశ్న తరచు వినిపిస్తున్నది. వెబ్‌సైట్లు తయారుచేసే విద్య నేర్చుకున్న మన అబ్బాయి, మన అమ్మాయి ఎక్కడ ఉంటే మంచిది? హైదరాబాదా, బెంగళూరా, దుబాయా? లేక ఇంట్లోనే కూర్చుని పని చేసుకోవచ్చా? జీతం ఎక్కడ ఎక్కువో అక్కడికి పొమ్మని కొందరు పెద్దలు చెబుతున్నారు. బంధువులు ఎక్కడుంటే అక్కడికే పంపుతామని మరికొందరు అంటున్నారు. రెండూ చూడవలసినవే. కాని అంతకంటే ముందు అడగవలసిన మాట ఒకటుంది. పని బాగా తెలిసినవారి పక్కన కూర్చుని నేర్చుకునే అవకాశం ఏ ఊళ్లో ఉంది?

ఉపాధి కోసం ఊరు విడవడం మన ధర్మంలో కొత్త విషయం కాదు. శుక్రవారం నమాజు ముగిశాక భూమిపై విస్తరించి అల్లాహ్ అనుగ్రహాన్ని అన్వేషించవలసిందిగా దివ్య ఖుర్ఆన్‌లోని జుమా సూరా ఆదేశిస్తున్నది. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) మక్కా నుండి వట్టి చేతులతో మదీనా చేరినప్పుడు దైవప్రవక్త (స) ఆయనకూ, మదీనావాసి అయిన హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి)కీ మధ్య సోదర సంబంధం ఏర్పరచారు. సఅద్ (రజి) తన ఆస్తిలో సగం ఇవ్వజూపారు. అబ్దుర్రహ్మాన్ (రజి) ఆయన్ను దీవించి, ఆస్తి వద్దని, బజారు ఎక్కడుందో చూపితే చాలన్నారు. జున్ను, నెయ్యి అమ్మకంతో మొదలుపెట్టి తర్వాత గొప్ప వర్తకులయ్యారు. బంధువు ఇచ్చే నీడ గొప్పదే. అయినా జీవితం నిలబడేది బజారు దారి తెలుసుకున్నప్పుడే.

వెబ్ పనికి బజారు ఎక్కడ?

మరి వెబ్ డెవలపర్ల పనికి బజారు ఎక్కడుంది? హైదరాబాదులో 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాలలో వందలాది కంపెనీలు వెలిశాయి. బెంగళూరులో ఎలక్ట్రానిక్ సిటీ, వైట్‌ఫీల్డ్, కోరమంగల వైపు పెద్ద కంపెనీలతోపాటు కొత్తగా పుట్టుకొస్తున్న చిన్న కంపెనీలు చాలా ఉన్నాయి. కర్నూలు నుండి హైదరాబాదు సుమారు 210 కిలోమీటర్లు. హిందూపురం నుండి బెంగళూరు సుమారు 100 కిలోమీటర్లే. కనుక అందరికీ ఒకే ఊరు అని చెప్పడం కుదరదు.

కంపెనీలు ఎక్కువగా ఉన్న ఊళ్లో ఒక పెద్ద సౌకర్యం ఉంది. ఒకచోట పని పోయినా ఇల్లు మారకుండానే మరోచోట ప్రయత్నించవచ్చు. విశాఖపట్నం, వరంగల్‌లతోపాటు 2020లో ఐ.టి. భవనాలు ప్రారంభమైన కరీంనగర్, ఖమ్మంలలో కూడా ఉద్యోగాలు ఉన్నాయి. తల్లిదండ్రుల దగ్గరే ఉండి పనిచేసే అవకాశం వస్తే అది అల్లాహ్ అనుగ్రహమే. అయితే అక్కడ కంపెనీలు తక్కువ. ఒకటి మూతపడితే మళ్లీ పెద్ద నగరానికే రావలసి ఉంటుందన్న ఎరుకతో చేరాలి.

ముందు విద్య, తర్వాత ఊరు

హిజ్రీ 150లో గాజాలో జన్మించిన ఇమామ్ షాఫయీ (రహ్మ)కు చిన్నతనంలోనే తండ్రి లేకుండాపోయారు. ఆయన తల్లి, పేదరికంలో ఉండి కూడా, బిడ్డను మక్కాకు తీసుకువెళ్లారు. అక్కడ చదువుకున్న తర్వాత ఆయన మదీనాలో ఇమామ్ మాలిక్ (రహ్మ) దగ్గర చేరారు. అటు తర్వాత బాగ్దాదు, చివరకు ఈజిప్టు. విద్య ఎక్కడుంటే అక్కడికి వెళ్లారు. విద్య చేతికి వచ్చాక ఏ ఊరికి వెళ్లినా ఆ ఊరే ఆయన్ను గౌరవించింది.

వెబ్ పనికీ ఈ క్రమం వర్తిస్తుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఇంటినుండే పని అలవాటైంది. ఆ తర్వాత చాలా కంపెనీలు వారంలో కొన్ని రోజులైనా ఆఫీసుకు రమ్మంటున్నాయి. చిన్న చిన్న వెబ్ పేజీలను కృత్రిమ మేధ నిమిషాలలో తయారుచేస్తున్న ఈ కాలంలో, తప్పు ఎక్కడుందో పట్టుకోగల నేర్పుకే విలువ. ఆ నేర్పు పుస్తకంలో కంటే అనుభవజ్ఞుల పక్కన త్వరగా వస్తుంది. అందుచేత మొదటి రెండు మూడేళ్లు వెళ్లి నేర్చుకోవడం మేలు. పనితనం వచ్చాక ఇంటినుండి పని అడిగే హక్కు, సొంత ఊరికి తిరిగివచ్చే వీలు ఉంటాయి.

దుబాయి, సౌదీలకు కూడా ఇదే మాట. సౌదీలో 2013 నుండి శుక్ర, శనివారాలు సెలవు. యు.ఎ.ఇ.లో 2022 నుండి ప్రభుత్వ కార్యాలయాలకు శుక్రవారం సగం రోజే పని. జీతంపై ఆదాయపు పన్ను లేదు. కాని అక్కడ నివాస వీసా సాధారణంగా ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. పని పోతే పరిమిత గడువులో మరొకటి వెతుక్కోవాలి. విజిట్ వీసాపై పనిచేయడం నేరం. అనుభవం సంపాదించి, ఒప్పందపత్రం చదువుకుని, ఏజెంటుకు ప్రభుత్వ నమోదు ఉందో లేదో చూసుకుని వెళ్లినవారికే క్షేమం.

మిగులు, నమాజు, నిజాయితీ

జీతం అంకె చూసి మోసపోరాదు. ఉదాహరణకు హైదరాబాదులో 30 వేల జీతానికి వసతి, భోజనం 11 వేలు, ప్రయాణం 2 వేలు పోతే 17 వేలు మిగులుతుంది. బెంగళూరులో 35 వేల జీతానికి అవే ఖర్చులు 16 వేలు, 3 వేలు అయితే మిగిలేది 16 వేలే. పైగా అక్కడ ఇంటి యజమానులు అడిగే అడ్వాన్సు ఎక్కువ.

హైదరాబాదులో చాంద్రాయణగుట్టలో ఖాలా ఇల్లు ఉందని అక్కడి నుండి గచ్చిబౌలికి రోజూ తిరిగితే అద్దె మిగలవచ్చు, కాని రెండు మూడు గంటలు రోడ్డుమీదే గడుస్తాయి. ఆ సమయం చదువుదీ నమాజుదీ. టోలీచౌకి, మెహదీపట్నం దగ్గర. మలక్‌పేటలో ఉన్నవారు మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే రాయదుర్గం చేరవచ్చు. దగ్గరలో మసీదు ఉందా, శుక్రవారం మధ్యాహ్నం గంటసేపు వెసులుబాటు ఇస్తారా, రాత్రి డ్యూటీ ఉంటుందా అన్న సంగతులు చేరకముందే మర్యాదగా అడిగి తెలుసుకోవాలి.

లేని అనుభవానికి పత్రాలు ఇప్పిస్తామని లక్షలు అడిగేవారు పెద్ద నగరాలలో తారసపడతారు. అది అబద్ధసాక్ష్యం. అలా దొరికిన ఉద్యోగం విచారణలో బయటపడి పోవచ్చు. పోకపోయినా ఆ జీతంలో బర్కత్ ఎక్కడిది?

ఆడపిల్లల మాట

చివరగా అన్నిటికంటే బరువైన విషయం. కొడుకును హైదరాబాదుకు పంపి, అదే చదువు చదివిన కూతురిని పెళ్లిదాకా ఇంట్లో ఉంచుతున్న తల్లిదండ్రులు ఎందరో. ఈ విద్య రెండేళ్లు వాడకపోతే తుప్పు పడుతుంది. షరీఅత్ హద్దులు పాటించవలసిందే. ఆ హద్దుల్లోనే దారులున్నాయి. అబ్బా స్వయంగా తీసుకువెళ్లి అన్న దగ్గరో, మామూ ఇంట్లోనో ఉంచవచ్చు. అమ్మీ కొంతకాలం తోడుండవచ్చు. నమ్మకమైన మహిళా హాస్టల్‌ను కళ్లారా చూసి నిర్ణయించవచ్చు. అన్నాచెల్లెళ్లిద్దరికీ పని దొరికే ఊరైతే కుటుంబమే తరలివెళ్లవచ్చు. ఇవేవీ కుదరకపోతే దగ్గరి పట్టణంలోని చిన్న కంపెనీ అయినా ఖాళీగా కూర్చోవడం కంటే మేలు. అడగకముందే లేదనడం మాత్రం న్యాయం కాదు.

కాబట్టి పిల్లలతో కలిసి కూర్చుని మష్వరా చేయండి. ఆ పనిలో ఉన్నవారిని అడగండి. లెక్కలు కాగితంమీద వేయండి. ఇస్తిఖారా నమాజు చేసి, అల్లాహ్‌పై భారం వేసి అడుగు వేయండి. ఆయన మన బిడ్డలందరికీ హలాల్ ఉపాధిని, అందులో శుభాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.