తన తప్పును తానే వెతుక్కునేది శాస్త్రం: కార్ల్ పాపర్ చూపిన గీటురాయి

ఏం జరిగినా సరే, తాను చెప్పినట్టే జరిగిందనే సిద్ధాంతాన్ని నమ్మాలా, అనుమానించాలా? అనుమానించాలనే అన్నారు తత్వవేత్త కార్ల్ పాపర్. శాస్త్రానికీ, శాస్త్రంలా కనిపించేదానికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్నదే ఆయన జీవితకాలపు ప్రశ్న.

పాపర్ 1902 జులై 28న ఆస్ట్రియాలోని వియన్నాలో పుట్టారు. యువకుడిగా ఉన్నప్పుడు మానసిక వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ ఆడ్లర్ వద్ద పిల్లల కోసం స్వచ్ఛందంగా పనిచేశారు. 1919లో ఒక చిన్నారి సమస్యను ఆడ్లర్‌కు చెప్పారు. అది ఆడ్లర్ ఆత్మన్యూనతా సిద్ధాంతానికి ఒదగదని పాపర్‌కు అనిపించింది. ఆడ్లర్ మాత్రం ఆ చిన్నారిని చూడకుండానే తన సిద్ధాంతంతో తేలిగ్గా వివరించేశారు.

అదే ఏడాది మే 29న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. సూర్యుడి అంచును తాకుతూ వచ్చే నక్షత్రకాంతి 1.75 ఆర్క్‌సెకన్ల మేర వంగాలని ఐన్‌స్టీన్ లెక్కగట్టారు. కొలత తేడాగా వస్తే సిద్ధాంతం కూలిపోయేదే. ఎడింగ్టన్ తదితరుల కొలతలు ఆ లెక్కకు దగ్గరగా వచ్చాయి. పాపర్‌ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ గెలుపు కాదు, ఓటమికి సిద్ధపడిన తీరు.

ఈ ఆలోచననే 1934లో జర్మన్ భాషలో పుస్తకంగా తెచ్చారు. అప్పటికి ఆయన బడిపంతులు. వేల నల్ల కాకులను చూసినా ‘కాకులన్నీ నల్లనివే’ అన్న మాట రుజువు కాదు. ఒక్క తెల్ల కాకి కనిపిస్తే చాలు, అది తప్పని తేలిపోతుంది. ఇలా తప్పని తేలే అవకాశం ఉండటమే శాస్త్రీయ సిద్ధాంతానికి గుర్తు. దీన్నే ఫాల్సిఫైబిలిటీ అంటారు.

యూదు మూలాలున్న పాపర్, నాజీల ముప్పు ముదరడంతో 1937లో న్యూజిలాండ్ వెళ్లి అక్కడి కళాశాలలో అధ్యాపకుడయ్యారు. అక్కడ నాడీ శాస్త్రవేత్త జాన్ ఎకిల్స్ పరిచయమయ్యారు. నాడీకణాల మధ్య సంకేతం విద్యుత్ రూపంలోనే దాటుతుందని ఎకిల్స్ వాదన. రసాయనాల ద్వారా అని మరో వర్గం వాదన. ఓడిపోతామన్న భయం వద్దని, పరీక్షకు నిలిచేంత స్పష్టంగా వాదనను చెప్పమని పాపర్ ప్రోత్సహించారు. 1951లో ఎకిల్స్ బృందం పిల్లి వెన్నుపాములోని నాడీకణంలోకి సన్నని గాజు ఎలక్ట్రోడ్‌ను దించింది. నిరోధక సంకేతం అందగానే కణంలోని వోల్టేజీ ఆయన ఊహించిన దానికి వ్యతిరేక దిశలో మారింది. ఎకిల్స్ తన వాదనను వదిలి రసాయన సిద్ధాంతాన్ని అంగీకరించారు. 1963లో నోబెల్ బహుమతి పంచుకున్నారు.

అయితే తేడా కనిపించిన ప్రతిసారీ సిద్ధాంతాన్ని పారేస్తారా? లేదని విమర్శకులు గుర్తుచేశారు. యురేనస్ గమనం న్యూటన్ లెక్కకు సరిపోకపోతే ఎవరూ న్యూటన్‌ను వదిలేయలేదు. కనిపించని మరో గ్రహం ఉండాలన్నారు. 1846లో నెప్ట్యూన్ దొరికింది. బుధుడి గమనంలోని తేడాకూ అలాగే ‘వల్కన్’ అనే గ్రహాన్ని ఊహించారు. అది దొరకనే లేదు. ఆ తేడాను 1915లో ఐన్‌స్టీన్ సిద్ధాంతం వివరించింది. సిద్ధాంతాన్ని కాపాడేందుకు తెచ్చే కొత్త ఊహ కూడా పరీక్షకు నిలవాలన్నదే ఇలాంటి చోట్ల పాపర్ జవాబు. నెప్ట్యూన్ ఆ పరీక్షలో నెగ్గింది, వల్కన్ ఓడింది.

పాపర్ 1946 నుంచి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో బోధించారు. 1994లో కన్నుమూశారు. ‘శాస్త్రీయంగా రుజువైంది’ అంటూ ఎవరైనా మందో, యంత్రమో అమ్మజూపితే అడగాల్సిన ప్రశ్నను ఆయన మనకు ఇచ్చి వెళ్లారు: ఏం కనిపిస్తే ఇది తప్పని మీరు ఒప్పుకుంటారు? జవాబు లేకపోతే, అక్కడ ఇంకా శాస్త్రం మొదలు కాలేదన్నమాటే.