లేత్ వర్క్: గుప్పెట్లో పట్టే ఇనుప ముక్కకు రూ.500నా..? అసలు లెక్క ఇదీ.. ఆర్డర్ ఇచ్చే ముందు తెలుసుకోండి!

కోతల సీజన్. పొలంలో యంత్రం ఉన్నట్టుండి ఆగిపోయింది. విప్పి చూస్తే లివర్ దగ్గర ఉండే ఇనుప బుష్ అరిగిపోయింది. పాత మోడల్ కావడంతో స్పేర్ పార్ట్ ఎక్కడా దొరకడం లేదు. ఇక మిగిలింది ఒకటే దారి.. లేత్ షాపు. అక్కడ టర్నర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "ఐదొందలు అవుద్దన్నా" అంటాడు. "ఇంత ముక్కకు ఐదొందలా? ఇనుము కిలో ఎంతేంటి?".. దాదాపు ప్రతి కస్టమర్ నోటి నుంచి వచ్చే మాట ఇదే.

బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి నుంచి విజయవాడ, విశాఖ ఆటోనగర్‌ల వరకు రోజూ ఇదే సీన్. మరి టర్నర్ ఎక్కువ చెబుతున్నాడా? లేక ఆ ముక్క వెనుక మనకు కనిపించని ఖర్చు ఉందా? లెక్క వేసి చూద్దాం. ఇక్కడ చెప్పే ధరలు లెక్క అర్థం కావడానికి అనుకున్నవే. మీ ఊళ్లో ఉన్న రేటు పెట్టి చూసుకోండి.

ముందు ఇనుము లెక్క

మనకు కావాల్సిన బుష్ బయటి వ్యాసం 40 మిల్లీమీటర్లు, లోపలి రంధ్రం 20, పొడవు 50 అనుకుందాం. దీన్ని సరిగ్గా 40 రాడ్ నుంచి తీయరు. పైపొర చెక్కి నున్నగా చేయాలి కాబట్టి 45 రాడ్ తీసుకుంటారు. రంపం కోతకు, రెండు చివర్లు సాపు చేయడానికి కలిపి 60 మిల్లీమీటర్ల ముక్క కావాలి.

గుండ్రటి ఇనుప రాడ్ బరువుకు ఒక సులువైన సూత్రం ఉంది. వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 162తో భాగిస్తే ఒక మీటర్ రాడ్ బరువు కిలోల్లో వస్తుంది. 45ను 45తో గుణిస్తే 2025. దాన్ని 162తో భాగిస్తే 12.5 కిలోలు. అంటే మన 60 మిల్లీమీటర్ల ముక్క 750 గ్రాములు. కిలో రూ.80 చొప్పున రూ.60.

తయారైన బుష్ బరువు మాత్రం దాదాపు 370 గ్రాములే. మిగతా సగం తురుముగా కింద పడిపోతుంది. అంటే చేతికి వచ్చిన ముక్కను తూకం వేసి ధర కడితే మొదటి అడుగులోనే లెక్క తప్పినట్టే.

అసలు ఖర్చు టైమ్‌దే!

ఇనుము రూ.60 అయితే మిగతా డబ్బు ఎక్కడికి పోయింది? టర్నర్ పాత ముక్కను వెర్నియర్‌తో కొలవాలి. రాడ్ వెతికి కోయాలి. చక్‌లో బిగించి, టూల్ సానబట్టి, ఎత్తు సరిచూసుకోవాలి. డ్రిల్ అమర్చాలి. దీన్నే షాపుల్లో 'సెట్టింగ్' అంటారు. దీనికే అరగంట పట్టొచ్చు. ఆ తర్వాత చెక్కడం, రంధ్రం వేయడం, తిప్పి బిగించి రెండో వైపు సాపు చేయడం మరో అరగంట.

లేత్ గంటకు రూ.400 అనుకుంటే, సెట్టింగ్‌కు రూ.200, పనికి రూ.200, ఇనుముకు రూ.60. మొత్తం రూ.460. ఆ గంట రేటులోనే షాపు అద్దె, కరెంటు, కూలి, టూల్స్ అన్నీ రావాలి. సైజు తప్పి ఒక్క ముక్క పాడైతే ఆ నష్టం కూడా టర్నర్‌దే. ఇప్పుడు చెప్పండి.. రూ.500 మరీ అన్యాయమా?

ఒకటా.. పదా.. వందా?

ధరను అన్నిటికన్నా ఎక్కువగా మార్చేది సంఖ్యే. సెట్టింగ్ ఒక్కసారే చేస్తారు కాబట్టి, ముక్కలు పెరిగే కొద్దీ ఆ ఖర్చు అందరికీ పంచినట్టు తగ్గిపోతుంది. అదే బుష్ పది చేయిస్తే ఒక్కోటి రూ.280కే వస్తుంది. వంద చేయిస్తే రూ.262. అంతకన్నా పెద్దగా తగ్గదు. ఎందుకంటే ప్రతి ముక్కకూ అరగంట చేతిపని తప్పదు.

ఇక్కడే సీఎన్‌సీ, అంటే కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే యంత్రం, లెక్కలోకి వస్తుంది. గంటకు రూ.600 అనుకుందాం. ప్రోగ్రామ్, సెట్టింగ్‌కు రెండు గంటలు.. అంటే రూ.1200. ఒకసారి సెట్ అయ్యాక ముక్కకు 6 నిమిషాలు చాలు, అంటే రూ.60. ఇనుముకు మరో రూ.60.

* ఒక్క ముక్క: మామూలు లేత్ రూ.460, సీఎన్‌సీ రూ.1320
* పది ముక్కలు: లేత్‌పై ఒక్కోటి రూ.280, సీఎన్‌సీలో రూ.240
* వంద ముక్కలు: లేత్‌పై రూ.262, సీఎన్‌సీలో రూ.132

ఈ లెక్కలో ఏడు ముక్కల వరకు మామూలు లేతే చవక. ఎనిమిదో ముక్క నుంచి సీఎన్‌సీ లాభం. ఒక్క ముక్క కోసం సీఎన్‌సీ షాపుకు వెళ్లి ధర విని షాక్ అయ్యేది ఇందుకే.

కొలతలో ఒక్క అంకెతో ధర మారిపోతుంది

రంధ్రం 20 మిల్లీమీటర్లు, పదో వంతు మిల్లీమీటర్ అటూ ఇటూ ఉన్నా పర్లేదంటే డ్రిల్లింగ్‌తో పని అయిపోతుంది. అదే 0.02 మిల్లీమీటర్లకు మించి తేడా రాకూడదంటే వేరే కథ. ఇది తల వెంట్రుక కన్నా సన్నం. డ్రిల్ వేశాక రీమర్‌తో సరిచేయాలి, పదేపదే కొలవాలి. టైమ్ పెరుగుతుంది, పాడయ్యే ముక్కలూ పెరుగుతాయి. బేరింగ్ కూర్చునే చోట ఆ కచ్చితత్వం తప్పదు. మిగతా చోట్ల దేనికి?

లోపలి మూలలు సూదిగా కావాలంటే కూడా ఖర్చు ఎక్కువే. తిరిగే కట్టర్ గుండ్రటి మూలే వదులుతుంది. మరలకు కూడా ఎం6, ఎం8, ఎం10 లాంటి మామూలు సైజులైతే ట్యాప్‌లు షాపులో రెడీగా ఉంటాయి. హార్డెనింగ్, ప్లేటింగ్‌లకైతే చాలాచోట్ల కనీస ఛార్జ్ ఉంటుంది. ఒక్క ముక్క ఇచ్చినా అదే కట్టాలి.

చవక లోహం ఖరీదు కావచ్చు

స్టెయిన్‌లెస్ స్టీల్ చెక్కడం నిదానం, టూల్స్ త్వరగా అరుగుతాయి. అందుకే కిలో ధరతో పాటు పని ధర కూడా పెరుగుతుంది. అల్యూమినియం ఇనుములో దాదాపు మూడో వంతు బరువే, త్వరగా చెక్కొచ్చు. నిరంతరం తిరిగే షాఫ్ట్‌కు వేసే బుష్ అయితే గన్‌మెటల్ లాంటిది కావాలి. అది ఇనుము కన్నా చాలా ఖరీదు. కానీ అక్కడ డబ్బు ఆదా అవుతుందని మామూలు ఇనుము వేస్తే బుష్‌తో పాటు షాఫ్ట్ కూడా పోతుంది. రూ.500 మిగిల్చుకోబోయి వేలల్లో వదిలించుకున్నట్టే.

ఆర్డర్ ఇచ్చే ముందు ఇవి మర్చిపోవద్దు

* ముందు బేరింగ్ షాపులో అడగండి. స్టాండర్డ్ సైజులో దొరికితే చేయించడం కన్నా చవక.
* అరిగిన ముక్క ఒక్కటే కాదు, అది కూర్చునే పిన్ లేదా షాఫ్ట్ కూడా తీసుకెళ్లండి. అరిగిపోయిన రంధ్రాన్ని కొలిస్తే అసలు సైజు తెలియదు.
* కాగితంపై బొమ్మ గీసి కొలతలు రాయండి. ఏది కచ్చితంగా ఉండాలో, ఏది కాస్త అటూ ఇటైనా పర్లేదో చెప్పండి.
* ఒకటి, ఐదు, పది ముక్కలకు విడివిడిగా రేటు అడగండి. మళ్లీ అరిగేదే అయితే రెండో ముక్క ఇప్పుడే చేయించుకోవడం మేలు.
* లోహం ఎవరిది, జీఎస్టీ కలిపా విడిగానా, సైజు తప్పితే ఎవరి బాధ్యత అన్నది ముందే మాట్లాడుకోండి.

కొత్త పరికరం తయారు చేసే ఆలోచనలో ఉన్నవారికి హైదరాబాద్‌లో టీ-వర్క్స్ ఉంది. నమూనాల తయారీ కోసం ఏర్పాటైన ఈ కేంద్రం 2023 మార్చిలో ప్రారంభమైంది. అయితే ఎక్కడికి వెళ్లినా లెక్క మాత్రం ఇదే: లోహం, సెట్టింగ్, ముక్కకు పట్టే టైమ్, ఎన్ని ముక్కలు. ఈ నాలుగూ తెలిస్తే బేరం ఎక్కడ ఆడాలో తెలుస్తుంది. ఎక్కడ ఆడకూడదో కూడా తెలుస్తుంది.